159 ఇన్నింగ్స్ దగ్గర ఆపేసిన చెయ్యి

సెప్టెంబర్ వచ్చిందంటే మా బావకీ నాకూ మధ్య ఒక పాత వాదన మళ్ళీ లేస్తుంది. బావ న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాడు, న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు మెట్స్ అంటే ప్రాణం. నేను వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో ఉంటాను, వాషింగ్టన్ నేషనల్స్ తప్ప నాకు వేరే జట్టు లేదు. ఇద్దరం గుంటూరు వైపు వాళ్ళమే, చిన్నప్పుడు క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగం, కానీ ఇక్కడికొచ్చాక బేస్‌బాల్ పట్టుకుంది, ఇక వదల్లేదు. వాదన మాత్రం 2012 నుంచీ ఒక్కటే. సీజన్ చివర్లో, జట్టులో అందరికంటే గట్టి పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు, ఇంకా పాతికేళ్ళ లోపు కుర్రాడైతే, వాడి మోచేతికి అప్పటికే ఒకసారి ఆపరేషన్ అయి ఉంటే, ఆడించాలా, కూర్చోబెట్టాలా?

మా ఇద్దరికీ ఇది మొదలైంది స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌తో.

తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. బేస్‌బాల్‌లో ఇన్నింగ్స్ అంటే మూడు ఔట్ల ముక్క, మ్యాచ్‌లో ఒక్కో జట్టుకి తొమ్మిది; పిచర్ ఏడాదంతా ఎన్ని వేశాడో లెక్కపెడతారు. నేషనల్స్ 2008లో 102 మ్యాచ్‌లు ఓడిపోయారు. అప్పట్లో లీగ్‌లో అట్టడుగున ఉన్న జట్టుకి మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా తీసుకునే చోట, మొదటి ఆటగాణ్ణి ఎంచుకునే హక్కు వచ్చేది, అలా 2009లో శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీ నుంచి ఈ కుర్రాడు వచ్చాడు. ఆ 102 ఓటములకీ దక్కిన ప్రతిఫలం అతనే అనుకున్నాం. 2010 జూన్ 8న పిట్స్‌బర్గ్ పైరేట్స్ మీద మొదటి మ్యాచ్. ఆఫీసులో మా లీడ్ టికెట్లు కొని నలుగురిని తీసుకెళ్ళాడు. నాకు అప్పటికి స్ట్రైక్ అంటే ఏమిటో, బాల్ అంటే ఏమిటో కూడా సరిగ్గా తెలీదు. కానీ ఏడు ఇన్నింగ్స్‌లో 14 మందిని స్ట్రైకౌట్ చేసి, అంటే మూడు స్ట్రైక్‌లతో, బ్యాటర్ కొట్టలేకపోయిన మూడు మంచి బంతులతో ఔట్ చేసి, అందులోనూ చివరి ఏడుగురినీ వరసగా వెనక్కి పంపించి, ఒక్కరికి కూడా వాక్, అంటే నాలుగు బయటి బంతులకి బ్యాటర్‌కి ఊరికే దక్కే మొదటి బేస్, ఇవ్వకుండా అతను దిగిపోతుంటే, స్టేడియం మొత్తం లేచి నిలబడింది, నాతో సహా. నా బేస్‌బాల్ పుట్టినరోజు అది.

రెండున్నర నెలలు కూడా కాలేదు. ఆగస్టు 21న ఫిలడెల్ఫియాలో ఒక బంతి వేసి చెయ్యి విదిలించుకున్నాడు. మోచేతి లోపలి లిగమెంట్ తెగింది. సెప్టెంబర్ 3న టామీ జాన్ ఆపరేషన్. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి టామీ జాన్ అనే పిచర్‌కి చేశాడు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. ముంజేతి నుంచో తొడ నుంచో ఒక టెండన్ తీసి, మోచెయ్యి దగ్గర ఎముకల్లో రంధ్రాలు చేసి తాడు కట్టినట్టు కడతారు. తిరిగి బంతి వేయడానికి ఏడాది పైనే పడుతుంది. స్ట్రాస్‌బర్గ్ 2011 సెప్టెంబర్ 6న తిరిగొచ్చాడు, ఆ నెలలో నాలుగైదు మ్యాచ్‌లు వేశాడు, ఆ సంవత్సరం అలా గడిచింది.

అసలు కథ 2012. నేషనల్స్ జనరల్ మేనేజర్ మైక్ రిజ్జో సీజన్ మొదట్లోనే చెప్పేశాడు, ఈ ఏడాది స్ట్రాస్‌బర్గ్ చేత కొంతవరకే బంతి వేయిస్తాం, ఆ తర్వాత ఆపేస్తాం అని. 2011లో జోర్డాన్ జిమ్మర్‌మన్ విషయంలో అదే చేశారు, అతనికీ టామీ జాన్ అయింది, 161 ఇన్నింగ్స్ దాటగానే ఆపేశారు, ఎవరూ నోరెత్తలేదు. ఎందుకు ఎత్తుతారు? 2011లో మాది 80 గెలుపుల జట్టు, సెప్టెంబర్‌లో ఎవరు ఆడినా ఒకటే. 2012లో లెక్క మారిపోయింది. బ్రైస్ హార్పర్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడు వచ్చాడు, గియో గొంజాలెజ్ వచ్చాడు, మే నెల దాటేసరికి జట్టు పట్టికలో పైన కూర్చుంది. వాషింగ్టన్ నగరం 1933 తర్వాత అక్టోబర్‌లో జరిగే ప్లేఆఫ్స్ మ్యాచ్ చూడలేదు. డెబ్బై తొమ్మిదేళ్ళు! అంతటి ఊరికి అంతటి సంవత్సరం వచ్చినప్పుడు, అందరికంటే పెద్ద పిచర్‌ని ఆపేస్తామంటే ఎవరు ఊరుకుంటారు?

ఆగస్టు అంతా ఇదే. ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గర ఇదే, రేడియోలో ఇదే, బావ ఫోన్ చేస్తే ఇదే. "ఏరా, పంట చేతికొచ్చే టైమ్‌కి ఎద్దుని కట్టేసి కూర్చుంటారా ఎవరైనా?" అన్నాడు. నేను ఆపేయాలి అన్న పక్షం. "బావా, ఆ ఎద్దు కాలికి అప్పటికే కుట్లున్నాయి" అన్నాను. వారాల తరబడి నడిచింది. నేను అప్పట్లో చాలా గట్టిగా నమ్మాను, ఇరవై నాలుగేళ్ళ కుర్రాడి ముందు పదేళ్ళ ఆట ఉంది, ఒక్క అక్టోబర్ కోసం దాన్ని పణంగా పెట్టకూడదు, ఈ జట్టు మళ్ళీ మళ్ళీ ప్లేఆఫ్స్‌కి వస్తుంది అని.

బావ అన్న ఒక్క మాటకి మాత్రం నా దగ్గర ఆ రోజు జవాబు లేదు. "సరే, 160 ఇన్నింగ్స్ చాలనుకుంటే ఏప్రిల్‌లో ఎందుకు ఖర్చు పెట్టారు? మేలో మొదలుపెట్టించి ఉంటే అక్టోబర్‌కి మిగిలేవి కదా?" ఇది గాల్లో మాట కాదు, అదే ఏడాది అదే డివిజన్‌లో, అంటే లీగ్‌లో మా జట్ల గుంపులోనే, అట్లాంటా బ్రేవ్స్ అలాగే చేశారు. క్రిస్ మెడ్లెన్ అనే పిచర్‌కి కూడా 2010 ఆగస్టులోనే టామీ జాన్ అయింది. వాళ్ళు అతన్ని సీజన్ సగం దాకా బుల్‌పెన్‌లో, అంటే మ్యాచ్ మధ్యలో దిగే పిచర్ల గుంపులో, ఉంచి, మ్యాచ్ చివర్లో ఒకటి రెండు ఇన్నింగ్స్ మాత్రమే వేయించి, జులై 31న మ్యాచ్ మొదటి బంతి నుంచీ వేసే స్టార్టర్‌గా దించారు. ఆ తర్వాత అతను మొదలుపెట్టిన 12 మ్యాచ్‌లూ బ్రేవ్స్ గెలిచారు. పన్నెండుకి పన్నెండు. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఆ మనిషి బంతి చూస్తుంటే మా కడుపులో తిప్పేసేది, రోజురోజుకీ వాళ్ళు మా దగ్గరకొస్తున్నారు అని టెన్షన్.

నేషనల్స్ వైపు వాదన కూడా తీసిపారేసేది కాదు. స్టార్టర్ శరీరానికి ఐదో రోజుకోసారి బంతి వేసే అలవాటు ఉంటుంది, దాన్ని ఆపి మొదలుపెట్టి మళ్ళీ ఆపితే ప్రమాదం ఇంకా ఎక్కువ అన్నారు, జిమ్మర్‌మన్‌కి పనిచేసిన పద్ధతే నమ్ముకున్నారు. ఇంకొకటి, సెప్టెంబర్ గెలుపు పెద్దదిగా కనిపిస్తుంది గానీ పట్టికలో ఏప్రిల్ గెలుపుకీ దానికీ తేడా లేదు. మేము ఆ ఏడాది 98 గెలిచి డివిజన్ కొట్టాం, బ్రేవ్స్ 94 దగ్గర ఆగారు. నాలుగే నాలుగు మ్యాచ్‌లు. ఏప్రిల్, మే నెలల్లో స్ట్రాస్‌బర్గ్‌ని దాచి ఉంటే ఆ నాలుగూ మా దగ్గర ఉండేవా? ఇది నేను చాలా రోజుల తర్వాత బావకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కావచ్చు రా, కానీ డివిజన్ గెలిచి ఏం చేశారు?" అన్నాడు.

ఏం చేశామో చెప్తాను. సెప్టెంబర్ 7న మార్లిన్స్ మీద స్ట్రాస్‌బర్గ్ మూడు ఇన్నింగ్స్ వేసి ఐదు పరుగులిచ్చాడు. 12న ఇంకో మ్యాచ్ వేయించాలనుకున్నవాళ్ళు 8నే మేనేజర్ డేవీ జాన్సన్ చేత చెప్పించారు, ఇక ఈ ఏడాదికి అయిపోయింది అని. 28 మ్యాచ్‌లు, 15 గెలుపులు, 197 స్ట్రైకౌట్లు, 159 ఇన్నింగ్స్ పైన ఒక్క ఔట్. అతనికి అది అస్సలు ఇష్టం లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి, చెయ్యి నొప్పి లేదు, జట్టు మొదటి స్థానంలో ఉంది, అయినా డగౌట్‌లో జాకెట్ వేసుకుని కూర్చోవాలి. టీవీలో అతని మొహం చూపించినప్పుడల్లా నేను నమ్మిన వాదన నాకే కొంచెం కొంచెం తగ్గిపోతూ ఉండేది.

ప్లేఆఫ్స్‌లో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌తో ఐదు మ్యాచ్‌ల సిరీస్. రెండో మ్యాచ్ 12-4తో ఓడిపోయాం, మూడోది 8-0తో, పిచర్లు చేతులెత్తేసిన మ్యాచ్‌లే రెండూ. నాలుగో మ్యాచ్‌లో జేసన్ వర్త్ పదమూడో బంతికి హోమ్ రన్, మన సిక్స్ లాంటిది, కొట్టి గెలిపించాడు. ఐదోది అక్టోబర్ 12. మూడు ఇన్నింగ్స్ అయ్యేసరికి మేము 6-0. నేను ఇంట్లో టీవీ ముందు, బావ ఫోన్‌లో. తొమ్మిదో ఇన్నింగ్స్‌కి 7-5. రెండు ఔట్లు అయ్యాయి. మా పిచర్ డ్రూ స్టోరెన్ ఇద్దరు బ్యాటర్ల దగ్గర ఒక్క స్ట్రైక్ దూరం దాకా వెళ్ళాడు, ఇద్దరికీ వాక్ ఇచ్చాడు. ఆ తర్వాత రెండు సింగిల్స్, నాలుగు పరుగులు. 9-7. బావ ఆ రాత్రి ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు, అది నేను మర్చిపోను. "పడుకో రా" అని పెట్టేశాడు.

నిజం చెప్పాలంటే ఆ ఓటమికి కారణం తొమ్మిదో ఇన్నింగ్స్, స్ట్రాస్‌బర్గ్ ఉన్నా అతను తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వేసేవాడు కాదు. కానీ రెండో మ్యాచో మూడో మ్యాచో అతను వేసి ఉంటే ఐదో మ్యాచ్ దాకా వచ్చేదేనా అని అడిగితే, ఆ ప్రశ్నకి ఇప్పటికీ ఎవరి దగ్గరా జవాబు లేదు. అటు బ్రేవ్స్ అంత జాగ్రత్తగా దాచుకున్న మెడ్లెన్‌ని వైల్డ్ కార్డ్ మ్యాచ్‌కి, అంటే డివిజన్ గెలవని జట్ల మధ్య జరిగే ఒక్క నాకౌట్ మ్యాచ్‌కి, దించారు, అదే కార్డినల్స్ చేతిలో 6-3తో ఓడి ఇంటికెళ్ళారు. అతని చెయ్యీ నిలవలేదు, 2014లో రెండోసారి టామీ జాన్.

మూడేళ్ళకి ఇదే వాదన బావ ఇంటికి వెళ్ళింది. మ్యాట్ హార్వీ. 2013లో మెట్స్ సొంత స్టేడియంలో ఆల్‌స్టార్ మ్యాచ్ మొదలుపెట్టిన కుర్రాడు, ఆ ఆగస్టులోనే లిగమెంట్ పోయింది, 2014 మొత్తం లేడు, 2015లో తిరిగొచ్చాడు. ఏజెంట్ స్కాట్ బోరస్, స్ట్రాస్‌బర్గ్‌కీ అతనే. సెప్టెంబర్‌లో బోరస్ 180 ఇన్నింగ్స్ హద్దు అన్నాడు, న్యూయార్క్ భగ్గుమంది. సెప్టెంబర్ 20న యాంకీస్ మీద హార్వీ ఐదు ఇన్నింగ్స్ ఒక్క పరుగూ ఇవ్వకుండా వేస్తే, లెక్క ప్రకారం దింపేశారు, ఆ తర్వాత వచ్చినవాళ్ళు మ్యాచ్‌ని 11-2తో పోగొట్టారు. ఆ రోజు బావ కోపం నేను ఫోన్‌లో వినగలిగాను. ఈసారీ చెయ్యి కాపాడాలి అన్నది నేను, ఆడించాలి అన్నది తను, మళ్ళీ అవే పాత్రలు, జట్టు మాత్రమే మారింది.

హార్వీ తనే ఆడతానన్నాడు, ఆడాడు. లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో ఐదో మ్యాచ్, నవంబర్ 1, మెట్స్ ఓడితే అయిపోయినట్టే. ఎనిమిది ఇన్నింగ్స్, తొమ్మిది స్ట్రైకౌట్లు, కాన్సస్ సిటీ రాయల్స్‌కి సున్నా. మేనేజర్ టెర్రీ కాలిన్స్ ఇక చాలన్నాడు. హార్వీ ఒప్పుకోలేదు, డగౌట్‌లోనే వాదించాడు, స్టేడియం అంతా అతని పేరు అరుస్తోంది, కాలిన్స్ మనసు మార్చుకున్నాడు. బావ ఎడిసన్‌లో హాల్లో నిలబడి అరుస్తున్నాడు, నాకు ఫోన్‌లో అక్క "పిల్లలు పడుకున్నారండీ" అనడం కూడా వినబడింది. మొదటి బ్యాటర్‌కి వాక్. రెండో బ్యాటర్ డబుల్. మెట్స్ ఆధిక్యం 2-1కి తగ్గింది. హార్వీని దింపారు, కానీ మ్యాచ్ సమం అయింది, పన్నెండో ఇన్నింగ్స్‌లో ఐదు పరుగులిచ్చి 7-2తో ఓడిపోయారు. సిరీస్ అయిపోయింది. హార్వీ ఆ ఏడాది వేసింది ప్లేఆఫ్స్‌తో కలిపి 216 ఇన్నింగ్స్. 2016 జులైలో థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్ అన్నారు, మెడకీ భుజానికీ మధ్య నరాలు నలిగిపోతాయి, సాధారణంగా పక్కటెముక ఒకటి తీసేస్తారు. ఆ తర్వాత అతను మళ్ళీ ఆ హార్వీ కాలేదు.

ఇక్కడిదాకా చదివితే నేను గెలిచాను అనిపిస్తుంది. 2019 వరకు నాకూ అలాగే అనిపించింది. ఆ ఏడాది మాది 19 గెలుపులు, 31 ఓటములతో మొదలైంది, ఎవరికీ ఆశ లేదు. అక్కడి నుంచి వైల్డ్ కార్డ్ దాకా వచ్చి, ఆ మ్యాచ్‌లో స్ట్రాస్‌బర్గ్ కెరీర్‌లో మొదటిసారి బుల్‌పెన్ నుంచి వచ్చి మూడు ఇన్నింగ్స్ ఒక్క పరుగూ ఇవ్వలేదు. ప్లేఆఫ్స్ మొత్తంలో ఐదు గెలుపులు, ఒక్క ఓటమి లేదు. వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో, హ్యూస్టన్‌లో, మొదటి ఇన్నింగ్స్‌లోనే రెండు పరుగులిచ్చాడు, గ్లవ్‌లో చెయ్యి కదిలే తీరు చూసి ఏ బంతి వస్తుందో బ్యాటర్లకి తెలిసిపోతోందని కోచ్ పాల్ మెన్‌హార్ట్ పట్టుకున్నాడు. స్ట్రాస్‌బర్గ్ అప్పటికప్పుడు సర్దుకుని తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా వేశాడు, ఇంకో పరుగు ఇవ్వలేదు. మర్నాడు మేము ఛాంపియన్లం, అతను సిరీస్ ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు. నేను ఏడ్చాను. బావ మొట్టమొదటిసారి, "2012లో మీరు చేసింది రైటేనేమో రా" అన్నాడు.

ఆ ఏడాది అతను వేసింది సీజన్‌లో 209 ఇన్నింగ్స్, ప్లేఆఫ్స్‌లో 36, కలిపితే 245. డిసెంబర్‌లో ఏడేళ్ళకి ఇచ్చిన కాంట్రాక్ట్ కూడా 245 మిలియన్ డాలర్లు. ఆ కాంట్రాక్ట్ మీద అతను వేయగలిగింది మొత్తం 8 మ్యాచ్‌లు, 31 ఇన్నింగ్స్ పైన ఒక ఔట్. ముందు చేతి దగ్గర నరం, తర్వాత 2021లో హార్వీకి వచ్చిన జబ్బే, అదే థొరాసిక్ ఔట్‌లెట్. 2022 జూన్‌లో ఒక్క మ్యాచ్ వేశాడు, అదే ఆఖరిది. 2024 ఏప్రిల్‌లో రిటైర్ అయ్యాడు, ముప్ఫై ఐదేళ్ళకి.

ఆపి కాపాడిన చెయ్యీ, ఆపకుండా ఆడించిన చెయ్యీ, రెండూ అదే ఆపరేషన్ టేబుల్ దగ్గరికి వెళ్ళాయి. ఒకటి ఐదేళ్ళు ముందు, ఒకటి వెనక. ఆ ఐదేళ్ళలో మాకొక ట్రోఫీ వచ్చింది, అది చిన్న తేడా కాదు, కానీ 2012లో ఆపినందుకే వచ్చిందని ఎవరైనా గట్టిగా అంటే నేను ఒప్పుకోను. మోచేతి లోపల మీటర్ ఉండదు, 160 దగ్గర ఎర్ర లైటు వెలగదు. 2024 డిసెంబర్‌లో లీగ్ తనే పిచర్ల గాయాల మీద పెద్ద నివేదిక బయటపెట్టింది, ప్రతి బంతినీ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వీలైనంత వేగంగా వేయడమే పెద్ద కారణాల్లో ఒకటని చెప్పింది. అంటే మేము ఇన్నేళ్ళు ఎన్ని ఇన్నింగ్స్ అని కొట్టుకున్నాం గానీ ఒక్కో ఇన్నింగ్స్‌లో ఆ చెయ్యి ఎంత లాగబడుతోందో చూడలేదు. మొదటి మ్యాచ్‌లో ఆ 14 స్ట్రైకౌట్లకి లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను కదా, నాకు నచ్చింది ఆ వేగమే.

మన క్రికెట్‌లోనూ 2025లో ఇదే నడిచింది. ఇంగ్లండ్‌లో ఐదు టెస్టుల్లో బుమ్రా మూడే ఆడతాడని ముందే చెప్పారు, నడుము కోసం. అతను లేని రెండు టెస్టులూ మనవాళ్ళు గెలిచారు. మన హైదరాబాద్ సిరాజ్ ఐదూ ఆడి 185 ఓవర్లు వేసి 23 వికెట్లు తీశాడు, ఓవల్‌లో ఆఖరి వికెట్ కూడా అతనిదే, ఆరు పరుగుల తేడా. మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఒకటే గోల, సిరాజ్‌ని చూసి నేర్చుకోండి అని. సిరాజ్ అంటే నాకు చాలా గౌరవం, ఆ ఉదయం ఆఫీసు మీటింగ్ వదిలేసి చూశాను. కానీ ఒకరి ఒళ్ళు చూపించి ఇంకొకరి ఒంటిని తిట్టడం నాకు నచ్చలేదు, గ్రూప్‌లో అదే రాశాను.

ఇప్పుడు నా మాట ఏమిటంటే, హద్దు పెట్టడం తప్పు కాదు, కానీ ఆ హద్దు అక్టోబర్‌ని కూడా లెక్కలోకి తీసుకుని పెట్టాలి, మొదటి రోజు నుంచే ఆటగాడితో మాట్లాడి పెట్టాలి. 2012లో నేషనల్స్ దగ్గర ప్రణాళిక ఉంది, అందులో అక్టోబర్ లేదు. గెలుస్తామని వాళ్ళే నమ్మలేదు, నాకు ఇప్పటికీ కష్టంగా ఉండేది అది. బావ దీనికి సగమే ఒప్పుకుంటాడు. ఆడతానన్నవాణ్ణి ఆడనివ్వాలి అనే మాట మాత్రం ఎప్పుడూ వదలడు.

వదలడు అనుకున్నాను. ఈ జూన్‌లో ఎడిసన్ వెళ్ళినప్పుడు మా మేనల్లుడి లిటిల్ లీగ్, అంటే పిల్లల బేస్‌బాల్, మ్యాచ్ ఉంది. వాడికి పన్నెండేళ్ళు, పిచర్. ఆ వయసుకి రోజుకి 85 బంతులే, అది రూలు, 66 చేరితే నాలుగు రోజులు విశ్రాంతి. బంతులు లెక్కపెట్టే క్లిక్కర్ నా చేతికిచ్చారు. వాళ్ళ జట్టు ఒక్క పరుగు ఆధిక్యంలో ఉంది, ఇంకొక్క ఔట్ కావాలి, 85 అయింది, ఎదురుగా ఉన్న బ్యాటర్‌ని పూర్తి చేయనిస్తారు కాబట్టి ఇంకో రెండు వేశాడు, వాక్ అయింది. కోచ్ వచ్చి చెయ్యి చాపాడు. వాడు బంతి ఇవ్వకుండా అలాగే నిలబడి వాళ్ళ నాన్న వైపు చూశాడు. బావ ఫెన్స్ పట్టుకుని నిలబడ్డాడు. హార్వీ కోసం అర్ధరాత్రి అరిచిన మనిషి. నేను తన మొహమే చూస్తున్నాను.

"ఇచ్చెయ్ నాన్నా," అన్నాడు.

తర్వాత వచ్చిన పిల్లవాడి రెండో బంతికే హిట్ పడింది, మ్యాచ్ పోయింది. కారులో వాడు చాలాసేపు ఏడ్చాడు. టర్న్‌పైక్ హైవే ఎక్కాక వెనక సీట్లోంచి అడిగాడు, "మామయ్యా, నువ్వు 84 దగ్గర తప్పు నొక్కలేదు కదా?"

లేదురా, అన్నాను. రెండుసార్లు చూసుకున్నాను.